పన్నెండో కన్నం

పోయిన వారం గౌరిని బరంపురం పెద్దబజారు వెనక, నరసన్న రేడియో షాపులో, ఒక చెక్కపెట్టె ముందు నోట మాట లేకుండా నిలబెట్టి వెళ్ళిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా తేరుకోలేదు. కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం ఆ పెట్టె సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను.

గౌరి పట్టుబట్టల వ్యాపారి రామచంద్రరావు గారి రెండో కూతురు. కాలేజీలో మనస్తత్వశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. ఆమె గైడు త్రిపాఠీ గారు మొదటిరోజే ఒక మాట చెప్పారు. “మనిషి ఎలా ఆలోచిస్తాడో మనిషిని అడిగితే కథలు చెబుతాడు. అబద్ధమని కాదు, పాపం వాడికే తెలియదు. నువ్వు అలాంటి బుర్ర ఒకటి కట్టి చూడు. కట్టినది ఎక్కడ కుంటుతుందో అక్కడే అసలు సంగతి ఉంటుంది.”

ఆ మాట పట్టుకుని గౌరి పొడంపేట వెళ్ళింది. ఋషికుల్య సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ పల్లెలో అప్పయ్య అనే సరంగు ఉన్నాడు. పడవా వలా అతని మాట మీదే కదులుతాయి. తెల్లారేసరికి ఒడ్డున నిలబడి కాసేపు నీళ్ళు చూస్తాడు. చెయ్యి ఎత్తాడా, ఎనిమిదిమంది పడవ దింపుతారు, వల పడుతుంది, చేప పడుతుంది. ఎత్తలేదా, ఆ పూటకి ఎవడూ నీళ్ళలో కాలు పెట్టడు. ముప్ఫయ్యేళ్ళలో ఆ చెయ్యి తప్పింది ఒకేఒక్కసారి. ఆ చేతి వెనక ఉన్న బుర్రని గౌరి పెట్టెలో కట్టాలనుకుంది.

కట్టింది నరసన్న. పాత రేడియోల పేగులన్నీ తీసి, టేకు పెట్టెలో అమర్చి, ముందు పలకకి పన్నెండు కన్నాలు పొడిచాడు. ఒక్కో కన్నంలో ఒక స్విచ్చి, దాని కింద తిప్పడానికి ఒక నాబు, అన్నిటికీ కలిపి పైన ఒక బల్బు. స్విచ్చి అంటే అప్పయ్య చెప్పిన ఒక గుర్తు. నీరు నల్లబడిందా, పక్షులు దిగుతున్నాయా, గాలి కొండవైపు నుంచి వస్తోందా, ఇలా. నాబు అంటే ఆ గుర్తుకి ఇవ్వాల్సిన విలువ. ఆ పూట కనబడిన గుర్తుల స్విచ్చిలు వేస్తే బల్బు అప్పయ్య చేతిలా నడుచుకోవాలి. అతను చెయ్యెత్తిన రోజు వెలక్కపోతే ఆ నాబుల్ని కాస్త పెంచడం, ఎత్తని రోజు వెలిగితే కాస్త తగ్గించడం. ఇదే దాని చదువు. నూట పదకొండు ఉదయాల చదువు.

అప్పయ్య చెప్పిన గుర్తులు పదకొండే. కన్నాలు పన్నెండు. “ఖాళీగా ఒదిలితే ఎలకలు దూరతాయి అమ్మాయిగోరూ, ఏదో ఒకటి పెట్టండి,” అన్నాడు నరసన్న. గౌరి నోటుపుస్తకం తిరగేసి, పనికిరాని వివరాల్లోంచి ఒకటి ఏరి పన్నెండో కన్నంలో పెట్టింది. రోజూ ఒడ్డు వెనక ఇసకదిబ్బ మీద నిలబడే అప్పయ్య పెళ్ళాం బుల్లమ్మ చేపల గంప నెత్తిన ఉందా, నేల మీద ఉందా అన్నది.

నాలుగు నెలలయ్యాక చూస్తే, అప్పయ్య ఒట్టేసి చెప్పిన పదకొండు గుర్తుల నాబులూ అటు కాసేపు ఇటు కాసేపు తిరిగి సున్నా దగ్గర చతికిలబడ్డాయి. పన్నెండోది మాత్రం ఇంక తిరగడానికి చోటులేనంత చివరికి పోయి ఆగింది.

అక్కడ కదూ మనం ఆగింది.

గౌరి చదువుకున్న పిల్ల. భర్త చెయ్యెత్తితే పెళ్ళాం గంప ఎత్తుకుంటుంది, ఇందులో వింతేముందని తనకు తానే సర్దిచెప్పుకుంది. కాని మనసు ఊరుకోలేదు. నాన్నగారి చేతిగడియారం అడిగి తీసుకుని మూడు ఉదయాలు పొడంపేటలో కాపు కాసింది. మూడు రోజులూ ముందు కదిలింది గంపే. అప్పయ్య చెయ్యి ఆ తరవాత, పది లెక్కపెట్టేలోపు కదిలింది.

నాలుగో రోజు త్రిపాఠీ గారి గదికి వెళ్ళి అంతా చెప్పింది. పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మెల్లగా నవ్వి ఒడియాలో అన్నాడు. “బాగుందమ్మా. కాని మన వ్యాసం సరంగు తెలివి మీద. సరంగు పెళ్ళాం మీద కాదు. రేపు పొడంపేట ఒడ్డున ప్రదర్శన. కటకం నుంచి పత్రికవాళ్ళు వస్తున్నారు. పన్నెండో గుర్తుని ‘గట్టు గుర్తు’ అని రాయి. అది అబద్ధం కాదుకదా?”

అబద్ధం కాదు. అందుకే గౌరికి ఆ మాట రాయడం కష్టమైంది. అయినా రాసింది. ఎదురుచెబితే ఆ పరిశోధన అక్కడితో ముగుస్తుంది, మర్నాడే ఇంట్లో పెళ్ళిచూపులు మొదలవుతాయి. పొడంపేట వెళ్ళొచ్చిన ప్రతిసారీ నూతి దగ్గరే స్నానం చేయించి లోపలికి రానిచ్చే అమ్మ, ఇంక ఆ చేపల కంపు ఇంటికి రాదని దేవుడికి కొబ్బరికాయ కొడుతుంది. గౌరి పిరికిది కాదని నేను మీకు ఇదివరకు చెప్పాను. కాస్త తొందరపడ్డానేమో.

టైపు చేసిన కాగితాలు పట్టుకుని ఆ మధ్యాహ్నం నరసన్న షాపుకి వచ్చింది. అతను పెట్టెకి తుది మెరుగులు పెడుతున్నాడు. గుమ్మంలో నీడపడింది. ఎండుచేపల వాసన ముందొచ్చింది, వెనకాల బుల్లమ్మ.

ఏభై దాటిన మనిషి. వారానికోసారి ఎండుచేపలు బస్సులో వేసుకుని బరంపురం సంతకి వస్తుంది. ఈ షాపు గుమ్మం తొక్కడం మాత్రం ఇదే మొదలు. గంప దింపి, చెంగుతో మొహం తుడుచుకుని, తిన్నగా గౌరి కళ్ళలోకి చూసింది.

“మూడు దినాలు నా గంపని కాపు కాసినావు గౌరమ్మా. గడియారం పట్టుకొని మరీ. నానేటి గుడ్డిదాన్నా?”

నరసన్న చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. గౌరి లేచి స్టూలు ముందుకు జరిపింది.

“కూర్చో పిన్నీ.”

“కూకోడానికి రానేదు. ఏటి సూసినావో సెప్పు.”

దాచడం గౌరికి చేతకాలేదు. “ముందు నీ గంప లేస్తోంది. ఆయన చెయ్యి తరవాత లేస్తోంది. నూట పదకొండు రోజుల్లో రెండు రోజులు తప్ప నీ గంపా ఆయన చెయ్యీ ఒకటే మాట. నీళ్ళు చూసేది నువ్వు. ఆయన కాదు.”

బుల్లమ్మ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. తరవాత ఆ స్టూలు మీదే కూచుంది.

“మా అయ్య గోపాలపూర్‌లో సరంగు. మొగపిల్లల్నేరు. నన్ను దిబ్బెక్కించి, అదిగో ఆ మడత సూడు, అదిగో ఆ మెరుపు సూడు అని అన్నీ నేర్పినాడు. నేర్పి ఏటి నాభం? ఆడది పడవెక్కకూడదు, వల దాటకూడదు. నన్నిచ్చినోడు సూస్తే మొత్తం ఊరికే పెద్ద సరంగు కొడుకు. ఆడికి నీల్లు నీల్లే. కాపరానికి ఒచ్చిన ఏడు, మేం గంజి తాగి బతికినాం.”

“మరి ఎలా మొదలైంది?”

“ఒక దినం సేపల గుంపు నల్లగా ఒడ్డుకొచ్చేస్తంది. నాకు అగుపడతంది, ఆడికి అగుపడదు. నోరు తెరిస్తే ఆడది అరిసిందని ఆ పూట వలే ఎయ్యరు. ఏటి సేస్తాను? గంప నెత్తినెట్టీసినాను, సేపలు మొయ్యడానికి సిద్దం అయిపోయినట్టు. ఆడు ఎనక్కి తిరిగి సూసినాడు. సెయ్యెత్తినాడు. ఆ దినం పడిన సేప సంగతి నెల్లాళ్ళ దాకా ఊల్లో సెప్పుకున్నారు.”

“అప్పట్నించీ అంతేనా?”

“అప్పట్నించీ అంతే. సముద్రం మంచిదైతే నెత్తిన, సెడ్డదైతే నేల మీద.”

సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ముప్ఫయ్యేళ్ళు అప్పయ్యకి పండగల్లో మొదటి తాంబూలం, కొత్త పడవ కట్టినవాడల్లా అతని కాళ్ళకి దండం. దిబ్బ మీద ఎండలో నిలబడిన దానికి ఏం దక్కిందో మీరే వినండి.

“ఆయనకి తెలుసా పిన్నీ? నీ గంప చూసే చెయ్యెత్తుతున్నానని?”

“తెల్దు.” బుల్లమ్మ ఆ మాట వెంటనే, గట్టిగా అంది. “తెలిస్తే నన్ను ఆ మాట అనేవోడా?”

ఏ మాట అని గౌరి అడగలేదు. పొడంపేటలో అడక్కుండానే చెబుతారు. సరంగు పెళ్ళాం వల ఒడ్డుకి చేరేదాకా గంపతో దిబ్బ మీద నిలబడాలి. అది వాళ్ళ తాతలనాటి ఆనవాయితీ. ఆమె దిగితే పడవకి కీడని నమ్మకం. పదేళ్ళ కింద కూతురు సీతాలు పురుటికని బుల్లమ్మ కొడల అనే ఊరు వెళ్ళి నాలుగు రోజులుంది. నాలుగోరోజు ఉదయం అప్పయ్య చెయ్యెత్తాడు. పడవ కెరటం దాటకముందే తిరగబడింది. ఏడుగురు ఈదుకొచ్చారు. ఎనిమిదోవాడు మసేను, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, పంతొమ్మిదేళ్ళవాడు, మూడోనాడు నదీముఖం దగ్గర తేలాడు.

“బస్సు దిగి ఇంటికి ఎల్లేసరికి ఊరంతా నా వాకిట్లో ఉంది. ఆలందరి ముందూ అన్నాడు. ‘దిబ్బ దిగి ఎల్లిపోనావు. నా కొడుకుని తినీసినావు.’ ఆ మాటకి పదేళ్ళయింది. కొత్త పడవకి పసుపునీళ్ళు సల్లమని నన్ను పిలిసినోళ్ళు నేరు. పెళ్ళికూతురికి ఎదురొస్తే నన్ను పక్కకి తప్పుకోమంటారు. నా తమ్ముడి కోడలు కడుపుతో ఉంటే నా నీడ పడకుండా దాటేత్తాది.”

“అయినా రోజూ దిబ్బెక్కుతూనే ఉన్నావు కదా!”

“ఎక్కకపోతే? పడవలో ఎనిమిదిమంది ఉంటారు. ఆలకీ తల్లులున్నారు.” బుల్లమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. “ఎవురికి సెప్పమంటావు? కడుపు సించుకుంటే కాళ్ళ మీద పడతాది. నాను సూత్తేనే ఆడు సెయ్యెత్తుతాడు అంటే నమ్మేదెవరు? కొడుకుని తిన్నది సాలక మొగుణ్ణి కూడా తింటంది అంటారు. నాకే ఒక్కోసారి అనుమానం ఒస్తది. నిజంగా నా ఎల్లిపోడం వల్లే కీడు తగిలిందేమో అని.”

గౌరికి కోపం పొంగుకొచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. ఏదో అనబోయింది. కాని బుల్లమ్మ చూపు పెట్టె మీద ఉంది.

“ఈ పెట్టి మాయింటోడి బుర్రే అంటన్నావు గదా. అయితే ఆ దినం ఆడి బుర్రలో ఏటయిందో సెప్తాదా?”

నరసన్న ఆమెని అక్క వరస పెట్టి జవాబిచ్చాడు. “ఆ దినం గుర్తులు తెలిస్తే స్విచ్చిలు ఎయ్యొచ్చప్పా. తెల్దు గదా.”

“నాకు తెలుసు. ఈదుకొచ్చిన ఏడుగుర్నీ అడిగినాను. పదేళ్ళు అడగతానే ఉన్నాను.”

ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. గాలి కొండవైపు నుంచి. పక్షులు ఉన్నాయి. నీరు సగం నలుపు, సగం తేట. నరసన్న ఒక్కో స్విచ్చీ వేసుకుంటూ పోయాడు. పదకొండూ అయ్యాయి. పన్నెండో దాని మీద వేలు పెట్టి తలెత్తాడు.

“గంప నెత్తినా? నేలా?”

“నాను ఊల్లోనే లేను గదా.”

“దీనికి రెండే పక్కలప్పా. ఉందంటే పైకి, లేదంటే కిందికి. నువ్వే లేవనడానికి దీన్లో చోటు పెట్టలేదు.”

గౌరి వంగి, పెట్టె వెనక చెయ్యి పెట్టి, పన్నెండో కన్నం నుంచి వస్తున్న ఎర్ర తీగని పీకేసింది.

బల్బు వెలగలేదు. అలాగని ఆరిపోనూ లేదు. సన్నగా ఎర్రబడింది, తగ్గింది, మళ్ళీ ఎర్రబడింది. నరసన్న గాలి స్విచ్చి తీసి వేశాడు. పక్షుల స్విచ్చి తీసి వేశాడు. ఏది తీసినా ఏది వేసినా ఒకటే కొట్టుకులాట. అవునూ అనలేక, కాదూ అనలేక.

“ఇదేటి?” అంది బుల్లమ్మ.

“తెలియదంటోంది పిన్నీ.” గౌరి తీగ వదలకుండానే ఆమె వైపు తిరిగింది. “ఆ రోజు ఆయనకి ఏమీ తెలియదు. తెలియదనే మాట మటుకు చెప్పలేకపోయాడు. సరంగు కదా, ఎనిమిదిమంది ఎదురుచూస్తున్నారు కదా, చెయ్యెత్తేశాడు. కీడూ లేదు, గీడూ లేదు. నీ కొడుకు పోయింది నువ్వు దిబ్బ దిగినందుకు కాదు. నువ్వు లేకపోతే ఆయనకి సముద్రం కనబడదు కనక.”

బుల్లమ్మ ఆ బల్బునే చూస్తూ కూచుంది. ఏడవలేదు. పెదవులు మాత్రం ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

“ఇంకొకపాలి తీసి పెట్టు నాయినా,” అంది నరసన్నతో. అతను తీగ పెట్టాడు, తీశాడు. బల్బు మళ్ళీ కొట్టుకుంది. “సాలు,” అంది. “నా తప్పు నేదు.” ఇంకోసారి అంది, ఈసారి నరసన్న వైపు తిరిగి, సాక్షి కావాలన్నట్టుగా. “నా తప్పు నేదు గదా?”

“లేదప్పా,” అన్నాడు నరసన్న. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండా పని ఉన్నట్టు వంగి తీగలు సర్దాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. నేనూ ఆపేద్దును. కాని బల్ల మీద ఆ కాగితాలు ఉన్నాయి.

బుల్లమ్మ వాటి మీద చెయ్యి వేసింది. చదువు రాదు. “ఇది నువ్వు రాసిందేనా అమ్మా? రేపు పెద్దోళ్ళకి సదివేది?”

“అవును.”

“ఇందల నా పేరు ఎక్కడున్నాది? సూపించు.”

గౌరి కాగితాల వైపు చూసింది. అబద్ధం చెప్పొచ్చు. ఏ అక్షరం మీదో వేలు పెట్టి ఇదిగో ఇదే నువ్వు అంటే, పాపం నమ్మేస్తుంది. ఆ ఒక్క పనీ చేయలేకపోయింది.

“లేదు పిన్నీ. గట్టు గుర్తు అని రాశాను.”

“గట్టు.”

“మా సారు అలా రాయమన్నారు.”

“గట్టు అంటే ఇసక గదా అమ్మా?”

బుల్లమ్మ కాగితాలని మళ్ళీ ఉన్నచోటే, అంచులు సరిచేసి మరీ పెట్టింది. కోప్పడి ఉంటే గౌరి తట్టుకునేది. ఆ సరిచేయడం చూసి తట్టుకోలేకపోయింది.

“మాయింటోడు పదేళ్ళుగా నన్ను కొడుకుని తిన్నానని అంటన్నాడు. ఆడికి తెల్దు. నీకు తెలుసు, అయినా గట్టే అన్నావు.” గంప ఎత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “రేపు మీ పెట్టికి నా గుర్తు కావాల గదా. ఒస్తాను. బెంగెట్టుకోకు.”

“పిన్నీ, ఏం చేస్తావు? పడవలో ఎనిమిదిమంది ఉంటారు!”

“ఆ దినం నా కొడుకూ ఆ పడవలోనే ఉన్నాడు,” అని బుల్లమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పొడంపేట ఒడ్డు తిరనాళ్ళలా ఉంది. గొడుగులు, కుర్చీలు, కెమెరా మెడలో వేసుకున్న కటకం విలేఖరి. ఒక బల్ల మీద పెట్టె, దాని వెనక నరసన్న. త్రిపాఠీ గారు ఈ ఒడ్డున చేపలు పట్టే నోలియాల తెలివి గురించి ఒడియాలో ఉపన్యాసం ఇస్తున్నారు. అప్పయ్య కొత్తపంచె కట్టుకుని, మోకాటిలోతు నీళ్ళలో పడవ పక్కన నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం. నవ్వు దాచుకుందామనుకుంటున్నాడు, దాగడంలేదు. తన బుర్రని పెట్టెలో పెట్టారని వారం రోజులుగా ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

అతనికి చెప్పాలా, వద్దా? దారిపొడుగునా గౌరి ఇదే అనుకుంటూ వచ్చింది. చెబితే అతని ముప్ఫయ్యేళ్ళ పరువు ఈ జనం ముందు మన్నైపోతుంది. కొడుకుని తనే సముద్రంలోకి తోశాడన్న నిజం అతను మోయగలడా? చెప్పకపోతే ఈ పూట ఎనిమిదిమంది బతుకు ఒక గంప మీద వేలాడుతుంది. ఆ గంప చేతిలో ఉన్న మనిషికి పదేళ్ళ మంట ఉంది. నిన్న దానికి ఇంకొంచెం నెయ్యి పోసింది తనే. అప్పయ్య దగ్గరికి రెండడుగులు వేసింది. “మొదలుపెట్టండి!” అన్నారు త్రిపాఠీ గారు. గౌరి ఆగిపోయింది.

సముద్రం మంచిదో చెడ్డదో గౌరికి తెలియదు. నీళ్ళు సగం నలుపు, సగం తేట. మసేను పోయిన రోజు గురించి ఇదే మాట నిన్న బుల్లమ్మ నోట విన్నది.

నరసన్న స్విచ్చిలు వేస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు. పదకొండూ వేసి, పన్నెండో దాని మీద వేలు ఉంచి, దిబ్బ వైపు చూశాడు. చూసి, వేలు తీసేశాడు.

“అమ్మాయిగోరూ,” అన్నాడు గొంతు తగ్గించి. “ఇది ఏ పక్క ఎయ్యాల?”

గౌరి దిబ్బ వైపు తిరిగింది. బుల్లమ్మ వచ్చింది. మాట తప్పలేదు. ఉతికిన చీర కట్టుకుని, ఎప్పుడూ నిలబడేచోటే నిలబడింది. గంప నెత్తిన లేదు. నేల మీదా లేదు. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని, సముద్రం వైపు కాకుండా అప్పయ్య వైపు చూస్తోంది.

అప్పయ్య వెనక్కి తిరిగాడు. అతను రోజూ అలా తిరుగుతాడు. గౌరి నూట పదకొండు ఉదయాలు అతని కళ్ళనీ చేతినీ చూసి రాసుకుంది గాని, ఆ మెడ తిరగడం ఒక్కనాడూ పుస్తకంలోకి ఎక్కలేదు. తిరిగాడు, చూశాడు, సముద్రం వైపు మళ్ళాడు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ వెనక్కి చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

“మావా, ఏటి సేద్దాం?” అన్నాడు కొండలు, పడవ అంచు పట్టుకున్న ఎనిమిదిమందిలో ఒకడు. “కెరటం లాగేత్తంది, పట్టలేకపోతన్నాం.”

చెయ్యి లేచింది. భుజందాకా వచ్చి ఆగింది. ఎనిమిదిమందీ ఆ చేతినే చూస్తున్నారు. విలేఖరి కెమెరా ఎత్తాడు. త్రిపాఠీ గారు చిరాగ్గా, “పన్నెండోది వెయ్యవేం?” అంటున్నారు. ఎవరూ వెయ్యలేదు. గాలిలో ఆగిన ఆ చెయ్యి సన్నగా వణికింది. అలా కొట్టుకోవడం గౌరి నిన్ననే చూసింది, బల్బులో.

అప్పయ్య చెయ్యి దించాడు. దిబ్బ వైపు పూర్తిగా తిరిగి, ఊరూ పెద్దలూ పత్రికవాళ్ళూ వింటుండగా, కెరటాల హోరు మీదుగా గొంతు చించుకుని అరిచాడు.

“బుల్లీ! ఏటే అది? ఎయ్యమంటావా, వొద్దంటావా? సెప్పవే!”

ఆ అరుపుకి ఎనిమిది ప్రాణాలు గట్టున పడ్డాయని గౌరికి ముందు ఊపిరి తీసుకోవడం చేతనైంది. ఆ తరవాత బుల్లమ్మ మొహం కనబడింది. నిన్న పెట్టె ముందు కూచున్నప్పుడు కూడా ఆ మొహం అలా లేదు.

తెలియనివాడు అడగడు. అడిగాడంటే తెలుసు. ఈ ఉదయమే తెలిసినవాడు అంత అలవాటుగా అడగడు. ముప్ఫయ్యేళ్ళూ ఎవరి కళ్ళతో చూశాడో అప్పయ్యకి తెలుసు. కొడుకు శవం ముందు, ఊరందరి ముందు, ఆ మాట అన్ననాడూ తెలుసు.

బుల్లమ్మ జవాబు చెప్పలేదు. గంప చంకలోనే ఉంచుకుని, వందమంది చూస్తుండగా, దిబ్బ దిగి అతని వైపు నడవసాగింది.